రెక్కలో అరచేతులు

మార్చి 3, సోమవారం

పొద్దున గిన్నె మీద మూత తీయబోతే వేళ్ళు వంగలేదు. నిద్రలో ఎవరో వచ్చి నా చేతులు పట్టుకుపోయి, వాటి బదులు ఒక సైజు పెద్దవి తగిలించి వెళ్ళినట్టుంది. వేళ్ళ సందుల్లో నీటి పొక్కులు. బొటనవేలి కింద, పాత కాలిన మచ్చ చుట్టూ ఎర్రగా కందిపోయింది. గోకితే ఇంకా గోకాలనిపిస్తుంది, గోకాక మంట.

మా ఆయన చూసి బట్టల సబ్బు పడలేదన్నాడు. ఆయన నడిపేది స్కూల్ బస్సే గానీ ఈ ఇంట్లో డాక్టరూ ఆయనే, జడ్జీ ఆయనే. కిందటిసారి పొక్కులు వచ్చినప్పుడు గిన్నెల సబ్బు మార్పించాడు. అంతకు ముందు ఒంటి సబ్బు. ఇక మార్చడానికి ఇంట్లో సబ్బులు మిగల్లేదు, మనుషుల్నే మార్చుకోవాలి అన్నాను. నవ్వాడు గానీ బట్టల సబ్బు మాత్రం తీసి బయట పెట్టేశాడు.

ఆడపడుచు నా చేతుల వంక చూసి ఏమీ అనలేదు. తనూ నేనూ ఒకే ఫ్యాక్టరీలో, ఒకే టీమ్‌లో పనిచేస్తాం. మాతోనే ఉంటుంది. తుమ్మినా దగ్గినా నన్ను ఆటపట్టించే పిల్ల. ఇవాళ జాగ్రత్త వదినా అని మాత్రం అని, బ్యాగు తీసుకుని నాకంటే ముందే వెళ్ళిపోయింది.

మార్చి 4, మంగళవారం

ఇవాళ రెక్క మూశాం.

ఈ పని గురించి ఎప్పుడూ రాసుకోలేదు. రోజూ చేసేదాని గురించి ఏం రాస్తాం. మాది గాలిమరలకి రెక్కలు చేసే ఫ్యాక్టరీ. ఒక్కో రెక్క మా వీధంత పొడుగు. పడవ లాంటి అచ్చులో గాజు నారతో నేసిన గుడ్డ పొరలు పొరలుగా పరుస్తాం, ఎక్కడా ముడత లేకుండా, పసిపిల్లకి పక్క వేసినట్టు. పైన ప్లాస్టిక్ కప్పి, పంపుతో గాలి లాగేస్తే రెజిన్ అనే చిక్కటి జిగురు పాకుకుంటూ వచ్చి గుడ్డంతా తడుపుతుంది. వేడికి రాయిలా గట్టిపడుతుంది. పంపు అందని మూలల్లో మేమే బ్రష్షుతో పూస్తాం. అలా రెండు సగాలు చేసి, ఒకదాని మీద ఇంకోటి బోర్లించి అతికేస్తాం. ఆ తర్వాత లోపల ఏముందో ఎవరికీ కనబడదు.

అందుకే మూసే ముందు చేతులు వేస్తాం. రెక్క మొదట్లో, మనిషి నిలబడగలిగేంత గుండ్రటి చోట, టీమ్‌లో ప్రతి ఒక్కరం అరచెయ్యి రెజిన్‌లో ముంచి లోపలి గోడకి అద్దుతాం. మొదటి రెక్క నాడు ఎవరో కాలు జారి తడి చేత్తో గోడ పట్టుకుంటే ఆ గుర్తు అలాగే ఉండిపోయిందని చెప్పుకుంటారు. పెద్ద మేనేజర్‌కి అది భలే నచ్చింది. రెజిన్‌లో ఆకుపచ్చ రంగు కలిపించాడు, ఫోటోలు తీయించాడు. ఫ్యాక్టరీ క్యాలెండర్ మీద ఉన్నవి మా చేతులే. కింద 'భూమికి మా మాట' అని అచ్చు వేయించాడు. మా ఇంట్లో ఆ క్యాలెండర్ హాల్లోనే ఉంది. వచ్చినవాళ్ళకి నా చెయ్యి ఏదో చూపించడం మా ఆయనకి సరదా.

గ్లౌజుతో వేయకూడదు, అది మా టీమ్ రూలు. గ్లౌజుతో వేస్తే గీతలు పడవు. గీతల్లేని చెయ్యి ఎవరిదైతేనేం.

ఇవాళ కూడా గ్లౌజు తీసి అద్దాను. నిప్పుల్లో పెట్టినట్టయింది. మామూలుగానే ఎసిటోన్, అదే గోళ్ళ రంగు తుడిచే మందు, పోసుకుని తుడుచుకున్నాను. కళ్ళ నీళ్ళు తిరిగాయి. పక్కనున్న అమ్మాయి నాకు ఎమోషన్ వచ్చిందనుకుని వీపు నిమిరింది.

మార్చి 7, శుక్రవారం

చివరికి స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. పెద్దావిడ, అద్దాలు ముక్కు చివర పెట్టుకుని చూస్తారు. వీపు మీద చిన్న చిన్న బిళ్ళలు వరసగా అంటించారు. ఒక్కో దాంట్లో ఒక్కో పదార్థం ఉందట. మంగళవారం రమ్మన్నారు, అప్పటిదాకా స్నానం వద్దన్నారు.

ఇంటికొచ్చి వీపు చూపిస్తే మా ఆయన క్యారమ్ బోర్డులా ఉన్నావన్నాడు.

మార్చి 9, ఆదివారం

ఒక్క బిళ్ళ కింద మాత్రం వీపు మండిపోతోంది. అది సబ్బు బిళ్ళ అని ఆయన పందెం కాస్తున్నాడు.

మార్చి 11, మంగళవారం. మధ్యాహ్నం

బస్‌స్టాప్‌లో కూర్చుని రాస్తున్నాను. రెండు బస్సులు వెళ్ళిపోయాయి.

సబ్బు కాదు. రెజిన్.

డాక్టర్‌గారు వీపు చూసి, ఏం పని చేస్తారని మళ్ళీ అడిగారు. చెప్పాను. గ్లౌజులు ఇస్తారా అన్నారు. ఇస్తారండీ, పల్చటివి, చేతులు వేసేటప్పుడు మాత్రం తీసేస్తాం అన్నాను. చేతులు వేయడమేమిటి అన్నారు. నేను నవ్వుతూ, కాస్త గొప్పగానే, అరచేతుల సంగతంతా చెప్పాను. ఫోన్‌లో క్యాలెండర్ ఫోటో కూడా చూపించాను. ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. ప్రతి రెక్కకీనా అన్నారు. ప్రతి రెక్కకీ అన్నాను. ఆవిడ ముఖం చూశాక నా నవ్వు ఎటు పోయిందో తెలీదు.

గట్టిపడని రెజిన్ ఒంటికి పదే పదే తగిలితే, ఒకరోజు ఒళ్ళు దాన్ని శత్రువని గుర్తుపట్టేస్తుందట. ఒకసారి గుర్తుపడితే ఇక మర్చిపోదట. మందు రాస్తే పొక్కులు తగ్గుతాయి గానీ ఈ గుణం పోదు. ఎసిటోన్‌తో తుడిస్తే చర్మం పైపొర ఊడి, ఇంకా లోపలికి దిగుతుందట. మళ్ళీ ముట్టుకుంటే ఈసారి కళ్ళు వాచొచ్చు, గొంతు కూడా వాచొచ్చు, ఊపిరి ఆడకపోవచ్చు అన్నారు. ఎన్నాళ్ళు ముట్టుకోకూడదండీ అని అడిగాను. బతికినన్నాళ్ళూ అన్నారు. చీటీ మీద కూడా అదే రాసిచ్చారు.

పెళ్ళికి పిలిచినట్టు పిలిస్తే, మా అంతట మేమే గ్లౌజులు తీసి ముంచాం.

అదే రోజు, సాయంత్రం

మా ఆయనకి చెప్పాను. మా మామగారు బొగ్గు కరెంటు ప్లాంటులో పనిచేసి, దగ్గి దగ్గి పోయారు. చివరి రోజుల్లో ఆయన దిండు గుడ్డ మీద నల్లటి మరకలు ఉతికింది నేనే. నాకు ఈ ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిన రోజు మా ఆయన స్వీట్లు పంచి, మా ఇంటికి పొగ పీడ వదిలిందన్నాడు.

ఇవాళ నా చేతులు తన చేతుల్లో పెట్టుకుని, అంటే దీనికీ పళ్ళున్నాయా అన్నాడు. అంతే. వెళ్ళి క్యాలెండర్ గోడ వైపుకి తిప్పేశాడు.

మార్చి 12, బుధవారం

సేఫ్టీ ఆఫీసర్‌కి చీటీ చూపించాను. ఆయన్ని అందరూ హెల్మెట్ గారు అంటారు. భోజనం చేసేటప్పుడు కూడా తలమీంచి తీయరు. మంచి మనిషి, గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ వినలేదు. చీటీ చదివి నేల చూపులు చూశారు. నన్ను గుడ్డ కత్తిరించే సెక్షన్‌కి మారుస్తానన్నారు, అక్కడ రెజిన్ ఉండదు. మరి మిగతావాళ్ళ సంగతేమిటండీ, ఈ చేతులు వేయడం ఆపించండి అన్నాను. గ్లౌజులైతే ఇస్తున్నాం కదమ్మా అన్నారు. వేసేటప్పుడు తీసేస్తున్నామని మీకు తెలుసు కదండీ, మీరే పక్కన నిలబడతారు అన్నాను. పైన చెబుతాను అని నీళ్ళు నమిలారు.

టీమ్‌లో చెప్పాను. కొందరు నవ్వారు. నాకేమో నవ్వనివాళ్ళే ఎక్కువ కనబడ్డారు. వాళ్ళంతా చేతులు జేబుల్లో పెట్టుకుని ఉన్నారు.

మార్చి 14, శుక్రవారం

నోటీసు పెట్టారు. ఈ నెల ఇరవై ఏడున మంత్రిగారు వస్తున్నారు. మేం చేసినవాటిలోకెల్లా పొడవైన రెక్క మూసే ముందు, స్వయంగా తమ అరచెయ్యి వేస్తారట. వచ్చే నెల ఎన్నికలు. ఊరంతా ఆయన పార్టీ గోడలకి గాలిమర బొమ్మలు, అవతలి పార్టీ గోడలకి అదే గాలిమర మీద అడ్డంగా ఎర్ర గీత. మధ్యలో ఖాళీ గోడ లేదు.

మార్చి 15, శనివారం

ఇవాళ మా ఇంటికి అవతలి పార్టీ నాయకుడు వచ్చాడు. ఈ వార్డులో అందరూ ఇస్త్రీ చొక్కా అంటారు. ఎండలో తిరిగినా ఒక్క ముడత కనబడదు. మందుల షాపతను చెప్పాడట నా చేతుల గురించి. షాపతనికి నోట్లో నువ్వుగింజ నానదు.

నా చేతులు చూసి అతని కళ్ళు చెమర్చాయి. నిజంగానే. ఫోటోలు తీసుకోవచ్చా అమ్మా అని అడిగి మరీ తీసుకున్నాడు. ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాను. ఇది గాలి వల్ల కాదు, కరెంటు వల్ల కాదు, తడి రెజిన్ వల్ల. మందంగా ఉన్న గ్లౌజులు ఇచ్చి, ఈ చేతులు వేయడం మాన్పిస్తే చాలు అన్నాను. ఫ్యాక్టరీ వెనక గుట్ట గురించి అడిగాడు. అదీ ఉన్నదున్నట్టే చెప్పాను. పాడైన రెక్కలు కరగవు, కుళ్ళవు, కాల్చనివ్వరు. కోసి వెనక గుంటలో పూడుస్తారు. గుంట నిండి గుట్టయింది. దాని గురించి క్యాలెండర్‌లో వేయరు. పెద్ద పెద్ద చోట్ల కూర్చునేవాళ్ళు ఆ లెక్క కూడా చెప్పి, అప్పుడు చప్పట్లు కొట్టించుకోవాలి అన్నాను.

అన్నిటికీ తల ఊపాడు. అసెంబ్లీలో అడుగుతానన్నాడు. నా మాట శ్రద్ధగా విన్న మొదటి మనిషి అతనే. వెళ్ళాక మా ఆయనతో అదే అన్నాను. అతను వినలేదు, కొలతలు తీసుకున్నాడు అన్నాడు మా ఆయన.

మార్చి 18, మంగళవారం

బస్సు దిగేసరికి ఎదురుగా గోడ మీద నా చేతులు.

తలుపంత పెద్దవి. ఇంకా ఎర్రగా చేశారు, పొక్కుల్లో ఏదో పసుపు రంగు కూడా పోశారు. కింద రాసింది: 'గాలిమర కరెంటు ఇంట్లో వాడితే రేపు మీ పిల్లల చేతులూ ఇంతే.'

అక్కడే నిలబడిపోయాను. పక్కన ఒకావిడ పోస్టర్ చూసి, తన కూతురి అరచెయ్యి తిప్పి చూసుకుంది. నా చేతులు చున్నీ కింద దాచుకున్నాను. నావి అని ఎలా చెప్పను, కావని ఎలా చెప్పను.

ఇస్త్రీ చొక్కాకి ఫోన్ చేశాను. నేను చెప్పిందేమిటి, మీరు వేసిందేమిటి అని అడిగాను. జనానికి రెజిన్ అంటే ఏం అర్థమవుతుందమ్మా, కరెంటంటే అర్థమవుతుంది అన్నాడు. ఎంత నెమ్మదిగా చెప్పాడో. నిజం చెప్పినా సరిపోయేది కదండీ అన్నాను. నిజానికి మంది రారమ్మా అని నవ్వాడు.

ఇంటికొచ్చేసరికి పక్కింటావిడ గుమ్మంలో ఉంది. ఫ్యాన్ వేసుకుంటే ఫరవాలేదా అని అడిగింది. ఆవిడ ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆపేసిందట. చంటిపిల్లాడికి ఒళ్ళంతా చెమటకాయలు.

మార్చి 19, బుధవారం

పెద్ద మేనేజర్ పిలిచాడు. పోస్టర్‌లో బొటనవేలి కింద మచ్చ చూసి గుర్తుపట్టాడట. క్యాలెండర్‌లోనూ అదే మచ్చ ఉంది కదా. తిడతాడనుకున్నాను. కాఫీ తెప్పించాడు, అప్పుడే భయమేసింది.

మంత్రిగారి పక్కన నిలబడి, అందరూ చూస్తుండగా నువ్వు అరచెయ్యి వేయాలి అన్నాడు. పోస్టర్‌లో చేతులు ఇవే, చూడండి ఎంత బాగున్నాయో, మళ్ళీ వేస్తున్నాను అని చెప్పాలట. మేకప్ మనిషిని తెప్పిస్తారట. చీటీ చూపించాను. బతికినన్నాళ్ళూ అన్న మాట దగ్గర వేలు పెట్టి చూపించాను. చదివి, మడిచి, నాకే ఇచ్చేశాడు. ఒక్కసారేగా అన్నాడు. నువ్వు నమ్మిన పని కోసం ఒక్కసారి అన్నాడు.

నా వల్ల కాదు సార్ అన్నాను. బలవంతమేం లేదన్నాడు. రెజిన్ ముట్టుకోలేని మనిషికి రెజిన్ ఫ్యాక్టరీలో ఎన్నాళ్ళు పని చూపించగలమో ఆలోచించాలి కదా అని కూడా అన్నాడు. నవ్వుతూనే.

ఒకడు నా చేతులు పాడయ్యాయని అబద్ధాలు అచ్చు వేస్తాడు. ఇంకొకడు పాడవలేదని అబద్ధం చెప్పించడానికి మళ్ళీ ముంచమంటాడు. చేతులు ఎలా ఉన్నాయమ్మా అని అడిగినవాడు ఒక్కడు లేడు.

మార్చి 22, శనివారం



మేనేజర్‌కి నేను కాదన్న మర్నాడే ఆడపడుచు వెళ్ళి తను వేస్తానని ఒప్పుకుని వచ్చిందట. ఇవాళ గుడ్డ కత్తిరించే సెక్షన్‌లో ఎవరో నాకు కంగ్రాట్స్ చెబితే తెలిసింది, మీ ఆడపడుచు టీవీలో వస్తుందట కదా అని.

ఇంటికొచ్చి అడిగాను. వంటింట్లో గిన్నెలు తోముతోంది, పసుపు గ్లౌజులు తొడుక్కుని. నేను ఈ మధ్య చూస్తూనే ఉన్నాను ఆ గ్లౌజులు. గోళ్ళ రంగు పోకుండా అనుకున్నాను, ఎంత గుడ్డిదాన్ని. పట్టుకుని లాగేశాను. వేళ్ళ సందుల్లో పొక్కులు. నాకు మొదట్లో వచ్చినట్టే, అచ్చంగా అలాగే. ఆ రోజు నా చేతులు చూసి ఎందుకు మాట్లాడలేదో అప్పుడర్థమైంది.

ఎప్పటినుంచి అంటే చెప్పదు. నీ ఉద్యోగం నిలబడుతుందని మేనేజర్ మాటిచ్చాడు వదినా అంటుంది. ఇద్దరి ఉద్యోగాలూ పోతే అన్నయ్య ఒక్కడూ ఏం చేస్తాడంటుంది. చేతులేగా, ఎవరివైతేనేం అంటుంది. గొంతు వాచి ఊపిరి ఆడకపోవచ్చని డాక్టర్ చెప్పింది నాకొక్కదానికే కాదే అని అరిచాను. నా జన్మలో దాని మీద అంతలా అరవలేదు. మా ఆయన వచ్చి అడ్డుపడ్డాడు. చెల్లెలి చేతులు చూసి అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

మొండిది. సోమవారం డాక్టర్ దగ్గరికి పద అంటే ఇరవై ఏడు అయ్యాకే అంది.

మార్చి 26, బుధవారం

రిహార్సల్. టీమ్ అంతా రెక్క మొదట్లో వరసగా నిలబడాలి. నన్ను వెనక వరసలో, తువ్వాళ్ళు పట్టుకోమన్నారు.

హెల్మెట్ గారు రెండు పళ్ళేలు తెచ్చి పెట్టారు. రెండిట్లోనూ అదే ఆకుపచ్చ. కుడివైపు దానికి వాసన లేదు. రెజిన్ వాసన నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. వంగి చూశాను. వాటర్ పెయింట్. పిల్లలు బొమ్మలకి వేసే రంగు.

ఇది ఎవరికండీ అన్నాను. మంత్రిగారికి అన్నారు. ఎడమది? ఆడపడుచు వంక చూసి తల దించుకున్నారు. పెయింట్ రెక్కకి అంటదు కదండీ, క్వాలిటీ వాళ్ళు ఒప్పుకోరు అన్నాను. ఆయన వెళ్ళగానే తుడిచేస్తామన్నారు. మరి ఇద్దరికీ పెయింటే పెట్టొచ్చు కదా అన్నాను. నేనూ అదే అడిగానమ్మా, ఆ అమ్మాయి చెయ్యి రెక్కతో పాటు పైకి వెళ్ళాలట, గాలిమర నిలబెట్టినప్పుడు టీవీలో మళ్ళీ చెబుతారట అన్నారు. మంత్రిగారి చర్మానికి పడదేమోనని పైనుంచి జాగ్రత్త చెప్పారట.

అంటే తెలుసు. అందరికీ తెలుసు.

మార్చి 27, గురువారం. పొద్దున

ఆడపడుచు పౌడర్ అద్దుకుంటోంది. ముఖానికి కాదు, చేతులకి.

అదే రోజు, సాయంత్రం

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలీడం లేదు. ఇంకా నా చెవుల్లో మైకు కీచుమంటోంది.

మంత్రిగారు రెక్క లోపలికి వచ్చారు. వెనకాల కెమెరాలు. బాగా మాట్లాడతారు, ఒప్పుకోవాలి. పొగ లేదు, మసి లేదు, మచ్చ లేదు అన్నారు. ఇది గాలి, దేవుడిచ్చిన గాలి అన్నారు. బొగ్గు గురించి చెబుతుంటే నాకు మా మామగారు గుర్తొచ్చారు. ఆయన చెప్పేదాంట్లో సగం నిజమే, అదే నా బాధ. తర్వాత ఆడపడుచు మణికట్టు పట్టుకుని పైకెత్తి, పోస్టర్‌లో చూపించిన చేతులు ఇవేనట, చూడండి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరి చేతులో ఆయనకి తెలీదు. పిల్ల ముఖం తెల్లగా ఉంది. పౌడర్ వల్ల కాదు.

ఇద్దరూ పళ్ళేల దగ్గరికి నడిచారు. నేను ఏం చేయబోతున్నానో నాకూ తెలీదు. తువ్వాలు ఇస్తున్నట్టు ముందుకెళ్ళి మంత్రిగారికి మెల్లగా చెప్పాను. సార్, మీ పళ్ళెంలో ఉన్నది వాటర్ పెయింట్, మీరు వెళ్ళగానే తుడిచేస్తారు. ఇదిగో ఈ పళ్ళెంలో ముంచిన చెయ్యే ఆకాశంలోకి వెళ్తుంది. అంతే అన్నాను. ఒక్క మాట అబద్ధం లేదు.

ఆయన మేనేజర్ వంక చూశారు. మేనేజర్ సీలింగ్ వంక చూశాడు. మంత్రిగారి ముఖం మీద కోపం కనబడింది, ఆ వెంటనే చిరునవ్వు. మైకులో గట్టిగా, నా చెల్లెలు ముంచిన దాంట్లోనే నేనూ ముంచుతాను, నాకు వేరే పళ్ళెం ఎందుకు అన్నారు. చప్పట్లు మోగిపోయాయి. చొక్కా చెయ్యి పైకి మడిచారు. ఎడమ పళ్ళెం మీదకి వంగారు.

అప్పుడు హెల్మెట్ గారు దూకారు.

ఎప్పుడూ గొంతెత్తని మనిషి. సార్ ముట్టుకోకండి, చర్మం పోతుంది అని ఒక్క కేక పెట్టి, మంత్రిగారి చెయ్యి పట్టి వెనక్కి లాగేశారు. పళ్ళెం బోర్లా పడింది. హెల్మెట్ ఊడి దొర్లుకుంటూ వెళ్ళింది. ఆ కేక మైకులోంచి హాలంతా, బయట పెట్టిన స్పీకర్లలోంచి రోడ్డంతా వినబడింది.

మంత్రిగారి ఇంకో చెయ్యి ఇంకా ఆడపడుచు మణికట్టునే పట్టుకుని ఉంది. ఆయన మెల్లగా తల తిప్పి ఆ వేళ్ళ వంక చూశారు. పౌడర్ చెమటకి కరిగిపోయింది. వేడి గిన్నె వదిలినట్టు వదిలేసి, జేబులోంచి కర్చీఫ్ తీసి తుడుచుకున్నారు. మా వెనక ఒకావిడ జేబులోంచి చేతులు బయటికి తీసింది. తర్వాత ఇంకొకావిడ. కెమెరాలు ఎటు తిప్పాలో తెలీక అటూ ఇటూ ఊగాయి.

ఆడపడుచు చెయ్యి ముంచలేదు. నేను దాన్ని రెండు చేతులా పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాను. గేటు దగ్గరికొచ్చాక దానికి ఏడుపొచ్చింది.

మార్చి 28, శుక్రవారం

టీవీలో ఉదయం నుంచీ అదే కేక. ఇస్త్రీ చొక్కా ఆటోలకి స్పీకర్లు కట్టి ఊరంతా తిప్పుతున్నాడు, ముట్టుకోకండి చర్మం పోతుంది, ముట్టుకోకండి చర్మం పోతుంది. ఆటోల మీద మాత్రం గాలిమర బొమ్మ, దానికి అడ్డంగా ఎర్ర గీత. మంత్రిగారి పక్క వాళ్ళేమో హెల్మెట్ గారు అవతలి పార్టీ మనిషని, ముందే మాట్లాడుకున్న నాటకమని అంటున్నారు. ఆయన్ని సస్పెండ్ చేశారు. నన్ను చెప్పేవరకూ ఇంట్లో ఉండమన్నారు.

ఇంత గోలలో గ్లౌజు అన్న మాట ఒక్కరి నోటంట రాలేదు. రెజిన్ అన్న మాట కూడా. నాకు పిచ్చెక్కుతుందేమో అనిపించింది.

సాయంత్రం టీమ్‌లో అమ్మాయి ఫోన్ చేసింది. గోడౌన్‌లోకి మందపాటి గ్లౌజుల అట్టపెట్టెలు దిగాయట, మోచేతుల దాకా వచ్చేవి. ఎవరు పంపారో, ఎందుకు పంపారో ఎవరూ చెప్పలేదట. ఇవాళ చేతులు వేయకుండానే రెక్క మూశారట. అది చెబుతూ ఏడ్చింది. ఎందుకే ఏడుస్తావంటే, లోపల ఖాళీగా ఉందక్కా అంది.

ఏప్రిల్ 2, బుధవారం

ఆడపడుచు వీపు మీద బిళ్ళలు తీశారు. తనకీ అదే.

డాక్టర్‌గారు చాలా నెమ్మదిగా చెప్పారు. ఇంకా వేళ్ళ వరకే ఉంది, ఆ రోజు ముంచి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను అన్నారు. తను అంతా విని, గోళ్ళ రంగు వేసుకోవచ్చా అని అడిగింది. కొన్ని రకాలు కుదరవు అన్నారు. దానికి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ నా భుజం మీద పడి ఏడ్చేసింది. బస్సులో ఇంటిదాకా నా చెయ్యి వదల్లేదు. రెండు చేతులకీ మందు రాసి ఉంది, జిగురు జిగురుగా అతుక్కున్నాయి.

ఏప్రిల్ 5, శనివారం

తలుపు కొడితే తీశాను. ఎవరో బట్టతల ఆయన. మాట వినేదాకా గుర్తుపట్టలేదు, హెల్మెట్ గారు.

మా ఆయన లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. టీ ఇచ్చాను. మీరు మా పిల్లని కాపాడారండీ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. నేనేం ఆలోచించలేదమ్మా, ఆయన చెయ్యి దాని మీదకి వెళ్తుంటే నా చెయ్యి దానంతటదే కదిలింది అన్నారు. అంత పెద్దాయనకి ఏమన్నా అవుతుందేమోనని కదిలింది. మీరందరూ ప్రతి రెక్కకీ ముంచుతుంటే నేను పక్కనే నిలబడి ఉన్నాను కదా, అప్పుడెందుకు కదల్లేదు అన్నారు. ఆ మాట నన్నే అడిగారు. సమాధానం కోసం చూశారు కూడా.

నాకు ఆయన మీద కోపం ఉంది, పైకి చెప్పలేకపోయాను. ఇంకో కప్పు టీ పోశాను.

ఏప్రిల్ 13, ఆదివారం

మా ఆయన బస్సులో ముగ్గురం కొండ మీదికి వెళ్ళాం. పాత గాలిమరలన్నీ తిరుగుతున్నాయి. మా చేతులు ఏ రెక్కలో ఉన్నాయో తెలీదు. అన్నిట్లోనూ ఎవరివో ఉన్నాయి. మా ఆయన మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసి, నాన్న చూసి ఉంటే బాగుండేదన్నాడు. ఆడపడుచు గ్లౌజులతోనే చెయ్యి ఊపింది, పైకి. నేనూ ఊపాను.

ఇంటికొచ్చి ఫ్యాన్ వేసుకుని, రెండు చేతులూ దాని కింద చాపి కూర్చున్నాను. హాయిగా ఉంది.